ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు: కట్టుకున్న క్లబ్బా, కొనుక్కొచ్చిన జట్టా?

ఇందూరు_వింగర్

అందరికీ నమస్కారం. మహిళల ఫుట్‌బాల్‌కు ఈ వేదికలో ఇంతవరకు విడిగా ఒక చర్చ లేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

2025 ఏప్రిల్ 11న పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు 1-0తో ఒడిశా ఎఫ్‌సీని ఓడించి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలుచుకున్నారు. 67వ నిమిషంలో ఆ ఒక్క గోలు కొట్టింది మా నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య. పురుషుల జట్టు 2003-04లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచాక ఆ క్లబ్బు గడప జాతీయ లీగ్ టైటిల్ తొక్కలేదు. ఇరవయ్యొక్క ఏళ్ల కరవు తీర్చింది అమ్మాయిల జట్టు, అందులోనూ మన తండా బిడ్డ. మరుసటి నెలలోనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. పురుషుల్లో ఆ గౌరవం దక్కించుకున్న సుభాశిష్ బోస్ అప్పుడు కోల్‌కతాలోనే ఉన్న పోటీ క్లబ్బు మోహన్ బగాన్ కెప్టెన్. ఆయన పేరు తెలిసిన వాళ్లు మన దగ్గర కొందరైనా ఉంటారు. సౌమ్య పేరు నిజామాబాద్ బస్టాండులో నిలబడి అడిగితే ఎంతమంది చెబుతారు?

ఆ జట్టు గురించి, అందులో ఆడే అమ్మాయిల గురించి తెలిసినవాళ్లు వివరంగా రాయండి. స్కోర్లతో సరిపెట్టకండి.

మలబారు_తెలుగు

సౌమ్య గోలుకు నేనూ ఇంట్లో గంతులేశాను, తమ్ముడూ. కానీ ఉద్యోగరీత్యా కోళికోడ్‌లో స్థిరపడి, గోకులం కేరళ జట్టును మొదటి నుంచి వెంటాడి చూస్తున్నవాడిగా ఒక మాట చెప్పక తప్పదు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన ఆ జట్టులో సగం గోకులం చెమట ఉంది.

లెక్క చూడండి. ఇదే లీగ్ 2019-20 ఫైనల్లో మణిపూర్ క్లబ్బు క్రిఫ్సా మీద 3-2తో గెలిచాం. స్కోరు సమంగా ఉన్నప్పుడు 87వ నిమిషంలో నేపాల్ అమ్మాయి సబిత్రా భండారీ గెలుపు గోలు కొట్టింది. కోవిడ్ వల్ల మధ్యలో ఒక సీజను పోయింది. 2021-22లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచాం. 2022-23 ఫైనల్లో బెంగళూరు జట్టు కిక్‌స్టార్ట్ మీద 5-0. వరుసగా మూడు టైటిళ్లు.

ఇప్పుడు ఈస్ట్ బెంగాల్ వైపు చూడండి. కోచ్ ఆంథనీ ఆండ్రూస్ గోకులం నుంచి వెళ్లినవారే. సౌమ్య గోకులంలో ఆడింది. సంధియా రంగనాథన్ గోకులంలో ఆడింది. ఘనా అమ్మాయి ఎల్‌షదాయ్ అచీంపాంగ్ మన దేశంలో పేరు తెచ్చుకున్నది గోకులం జెర్సీలోనే. ఆశాలతా దేవి మాకు కెప్టెన్. 2024-25లో మా తరఫున 24 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచిన ఉగాండా అమ్మాయి ఫాజిలా ఇక్వాపుట్‌ను కూడా ఆ వేసవిలో తీసుకెళ్లారు. నాటు వేసింది ఒకరు, కోత కోసుకున్నది మరొకరు. దీన్ని క్లబ్బు కట్టడం అంటారా?

ఖరగ్‌పూర్_తెలుగు

మలబారు అన్నా, మీ బాధ అర్థమైంది. అయితే నాటు వేసింది గోకులం అంటే మాత్రం ఒప్పుకోను.

మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ. ఇక్కడ తెలుగు ఇళ్లలో సగం మోహన్ బగాన్, సగం ఈస్ట్ బెంగాల్. ఒకే వరండాలో రెండు జెండాలు ఎగిరే ఇళ్లు కూడా ఉన్నాయి. మాది ఎరుపు-పసుపు ఇల్లు, అంటే ఈస్ట్ బెంగాల్. అభిమానం పక్కన పెట్టే మాట్లాడతాను.

ఆశాలతను తయారుచేసింది గోకులమా? ఆమె మణిపూర్ బిడ్డ. ఈస్ట్ బెంగాల్ గోలు కాచే పంథోయ్ చాను కూడా మణిపూర్ నుంచే వచ్చింది. జాతీయ సీనియర్ మహిళల టోర్నీని ఇరవైసార్లకు పైగా గెలిచిన రాష్ట్రం అది. ఈ లీగ్ మొదలైన 2016-17లో విజేత ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్, ఇంఫాల్ క్లబ్బు. భారత జట్టు మాజీ కెప్టెన్ బెంబెం దేవి లాంటి ఆటగత్తె ఉన్న క్లబ్బు. ఇప్పుడు పై శ్రేణిలో ఎక్కడ ఉంది? లేదు. మణిపూర్ అమ్మాయిలు గోకులం వెళ్లినప్పుడు, మదురై జట్టు సేతుకు వెళ్లినప్పుడు ఇంఫాల్‌లో ఎవరైనా ఏడ్చారేమో మనం విన్నామా? వాళ్లు వెళ్లింది మంచి జీతం కోసం, మంచి మైదానం కోసం. సౌమ్య కోల్‌కతా వచ్చిందీ అందుకే. కూలి ఎక్కువ ఇచ్చేచోటికి పోవడం ఆటగత్తె హక్కు.

ఇంకొకటి. 2023-24లో ఇదే ఈస్ట్ బెంగాల్ పట్టికలో కింది సగంలో ఉంది. పెద్ద పేరు, ఖాళీ ఆట. ఆ అవమానం తర్వాతే యాజమాన్యం మేలుకుని కోచ్‌ను, ఆటగత్తెలను పిలిపించుకుంది. డబ్బు పెట్టడం కూడా ఒక నమ్మకమే కదా అన్నా. మహిళల జట్టు మీద ఆ నమ్మకం పెట్టిన పాత క్లబ్బులు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయి?

పాత_లెక్కలు

ఖరగ్‌పూర్ మిత్రుడి మాటకు నా వయసు మనిషి జ్ఞాపకం ఒకటి జోడిస్తాను. ఈస్ట్ బెంగాల్‌కు బయటివాళ్లతో జట్టు కట్టడం కొత్త కాదు. 1949, 50, 51లలో వరుసగా కోల్‌కతా పాత టోర్నీ ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన ఆ అయిదుగురు ఫార్వర్డ్‌లను బెంగాల్ జనం ‘పంచ పాండవులు’ అన్నారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఒక్కరూ బెంగాలీ కాదు, అందరూ దక్షిణాది వాళ్లే. అప్పారావు మన ఆంధ్రుడు. డెబ్భై ఏళ్ల తర్వాత మళ్లీ ఒక తెలుగు కాలు ఆ క్లబ్బుకు పెద్ద పతకం తెచ్చిపెట్టింది. నాకు ఇంతకన్నా ఆనందం లేదు.

అయితే మలబారు గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఆ పాండవులను క్లబ్బు గుండెల్లో పెట్టుకుంది. ఆట అయిపోయాక కూడా పేరు నిలిపింది. 1920లో పుట్టిన ఈ క్లబ్బు మహిళల జట్టును గట్టిగా పట్టించుకున్నది 2020 తర్వాతే. ఇవాళ్టి అమ్మాయిలను ముప్పై ఏళ్ల తర్వాత అలా తలుచుకుంటుందా అన్నదే నా సందేహం.

ఇందూరు_వింగర్

ఖరగ్‌పూర్ అన్నా, మీరు ఎప్పుడైనా కల్యాణి మైదానంలో చూశారా? సౌమ్య ఆట గురించి చెప్పండి.

ఖరగ్‌పూర్_తెలుగు

చూశాను తమ్ముడూ. ఖరగ్‌పూర్ నుంచి హావ్‌డా, అక్కడి నుంచి గంగ దాటి సియాల్దా, మళ్లీ కల్యాణి లోకల్. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం ఆటకు అందుకుంటాం. మోహన్ బగాన్‌తో పురుషుల డెర్బీకి వచ్చే జనసముద్రం ఉండదు. కానీ వచ్చిన వాళ్లు ఆట తెలిసిన వాళ్లు. నా ముందు వరుసలో ఒక కోచింగ్ క్యాంపు అమ్మాయిలు ఇరవైమంది దాకా కూర్చున్నారు. అందరివీ ఒకే రంగు ట్రాక్‌సూట్లు, ఒళ్లో బూట్ల సంచులు. బంతి ఎటు పోతే అటు చూసే వయసు వాళ్లది. కానీ వాళ్ల టీచర్ మాటిమాటికీ ‘బంతిని కాదు, బంతి లేని మనిషిని చూడండి’ అని బెంగాలీలో హెచ్చరిస్తూనే ఉన్నారు. నేనూ అలాగే చూశాను. సౌమ్య గీత పక్కన నిలబడి ఉంటుంది. డిఫెండర్ ఒక్క అడుగు లోపలికి జరిగిందంటే చాలు, వెనక ఖాళీలోకి పరుగు. పాస్ రాకపోయినా ఆ పరుగు ఆపదు. పదిసార్లు రాదు, పదకొండోసారి వస్తుంది.

విదేశం సంగతి కూడా తెలుసు కదా. 2022లో ఆమె, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ ఇద్దరూ క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడారు.

మోకాలు_వైద్యం

ఎవరి చెమట ఎవరిది అన్న వాదన బాగుంది. కానీ చెమట పట్టే శరీరం గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టును. నా దగ్గరకు ఫుట్‌బాల్ అమ్మాయిలు వస్తుంటారు.

మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు ఉంటుంది. అది తెగే ముప్పు మగవాళ్లకన్నా ఆడ ఆటగాళ్లకు కనీసం రెట్టింపు. తెగితే ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలు తక్కువలో తక్కువ. మొదటి నెల తొడ కండరం కరిగిపోతుంది. రెండు తొడలకూ టేపు పెట్టి కొలిచి చూపిస్తే అమ్మాయిలు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అక్కడి నుంచి ఒక కాలి మీద కూర్చుని లేవడం, గెంతి దిగడం, దిశ మార్చి పరుగెత్తడం, ఒక్కొక్కటీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

ఈస్ట్ బెంగాల్ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్ ఈ గాయంతోనే 2022 ఆసియా కప్‌కు దూరమైంది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్ మీద మన దేశం 2-1తో గెలిచింది చూడండి, ఆ రెండు గోల్సూ ఆమెవే. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడి మన మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించడం అదే మొదటిసారి. అందరూ గోల్స్ చూశారు. నేను ఆ మోకాలు చూశాను.

ఇప్పుడు డబ్బు మాట. 2023లో సమాఖ్య ఒక నియమం తెచ్చింది: పై శ్రేణిలోని ఎనిమిది క్లబ్బులూ కనీసం పదిమంది భారతీయ ఆటగత్తెలకు ఏడాదికి తక్కువలో తక్కువ 3.2 లక్షల రూపాయల ఒప్పందం ఇవ్వాలి. నెలకు చూస్తే 27 వేలకు కొంచెం తక్కువ. అసలేమీ లేనిచోట అది పెద్ద అడుగే, కాదనను. కానీ జట్టులో పదిమందే ఉండరు కదా. పదకొండో అమ్మాయి సంగతేమిటి? 2024-25 లీగ్ జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. పదమూడో మ్యాచ్‌లో మోకాలు తెగిన అమ్మాయికి డిసెంబరు దాకా ఫిజియో ఖర్చు ఎవరిది? క్లబ్బు కట్టారా కొనుక్కొచ్చారా అని తేల్చడానికి నేను అడిగేది ఈ ఒక్క ప్రశ్న.

మలబారు_తెలుగు

అమ్మా, మీ ప్రశ్న ముందు నా వాదన చిన్నదే. అయినా వదలను, ఎందుకంటే రెండూ ఒకచోటికే వస్తాయి.

2022 ఆగస్టు గుర్తుందా? ఆసియా మహిళల క్లబ్ టోర్నీకి మా అమ్మాయిలు తాష్కెంట్ చేరుకున్నారు. అదే సమయంలో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. పాలకుల తగాదా, శిక్ష ఆటగత్తెలకు. పరాయి దేశంలో హోటల్ గదుల్లో కూర్చుని, ప్రధానమంత్రికి విన్నపం పంపి, ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. ఆ నెల 26న సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ టోర్నీ పోయింది. ఆ గ్రూపులో ఉన్న ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్. 2025 నవంబరులో చైనాలోని వూహాన్‌లో, ఆసియా మహిళల క్లబ్ పోటీలో ఈస్ట్ బెంగాల్ 3-1తో ఓడించింది అదే జట్టును. ఆ రోజు నేను సంతోషించాను. కానీ మా పిల్లలకు ఆ అవకాశం ఎవరూ తిరిగి ఇవ్వలేదన్న బాధ కూడా కలిగింది.

ఒక చిన్న నగరపు క్లబ్బు ఇన్ని దెబ్బలు తిని, మహిళల లీగ్‌లో ఎలా గెలవాలో దేశానికి చూపించింది. చూపించిన తర్వాత పెద్ద సంచి ఉన్నవాళ్లు వచ్చారు.

ఖరగ్‌పూర్_తెలుగు

తాష్కెంట్ అన్యాయం విషయంలో మీతోనే ఉన్నాను అన్నా. అది ఏ క్లబ్బు అభిమాని అయినా మరచిపోకూడనిది.

వూహాన్ గురించి పూర్తిగా చెప్పుకుందాం. అక్కడికి చేరడమే సులువు కాలేదు. ఆగస్టులో కంబోడియా వెళ్లి నోంపెన్ క్రౌన్‌ను 1-0తో గెలిచి, హాంకాంగ్ జట్టు కిచీతో 1-1తో నిలబడి అర్హత తెచ్చుకున్నారు. కిచీ మీద ఆ గోలు సంగీతది. వూహాన్‌లో బామ్ ఖాతూన్ మీద గెలిచాక ఆతిథ్య జట్టు వూహాన్ జియాంగ్దా చేతిలో 0-2, ఉజ్బెక్ జట్టు నసాఫ్ చేతిలో 0-3. గ్రూపు దాటలేదు. నసాఫ్ మ్యాచ్ చూస్తే తేడా కళ్లకు కట్టింది: గంట దాటాక మన కాళ్లు బరువెక్కాయి, వాళ్లవి బరువెక్కలేదు. ఏడాదికి 14 లీగ్ మ్యాచ్‌లు ఆడి ఆసియా స్థాయిలో తొంభై నిమిషాలు పరుగెత్తాలంటే ఎలా? డిసెంబరులో ఖాట్మండులో దక్షిణాసియా క్లబ్ టైటిల్ గెలిచారు, ఫైనల్లో నేపాల్ జట్టు ఏపీఎఫ్ మీద 3-0. అది ఆనందమే. కానీ కొలబద్ద వూహాన్ కావాలి.

అనంత_పీఈటీ

నేను అనంతపురం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. గోకులం, ఈస్ట్ బెంగాల్ తగవు చదువుతుంటే ఒకటే అనిపించింది. మీకు తగవు పడటానికైనా క్లబ్బులున్నాయి.

2024-25 పై శ్రేణి జట్లు చూడండి: ఈస్ట్ బెంగాల్, గోకులం, ఒడిశా, బెంగళూరు కిక్‌స్టార్ట్, మదురై సేతు, ఢిల్లీ హాప్స్, శ్రీభూమి, ఒడిశాదే నీతా. కేరళ, తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. సౌమ్య బయటికి పోకుండా ఇక్కడే ఉండి ఉంటే ఏ జెర్సీ తొడుక్కునేది?

పిల్లలు లేరని మాత్రం అనకండి. మా జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల అనంతపూర్ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. పల్లెల నుంచి ఆడపిల్లలు వచ్చి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా బడిలోనూ ఆరు, ఏడు తరగతుల్లో అబ్బాయిలతో సమానంగా పరుగెత్తే అమ్మాయిలు ఉన్నారు. తొమ్మిదిలో సగం ఆగిపోతారు. కారణాలు పెద్దవి కావు. సాయంత్రం అయిదున్నర బస్సు తప్పితే మళ్లీ ఊరికి బస్సు లేదు. పాఠశాల సమాఖ్య పోటీలకు ఎంపికైతే తోడు వెళ్లడానికి మహిళా టీచర్ కావాలి, దొరకరు. నేను వెనక పనిచేసిన బడిలో దాతలు పంపిన బూట్లన్నీ మగపిల్లల కొలతలే. ముందు భాగంలో గుడ్డ కుక్కి ఆడించాం. మడమ జారి చీలమండ మడతపడితే ఆ ఇంట్లో ఆట అక్కడితో ముగిసినట్టే.

మోకాలు_వైద్యం

మాస్టారూ, గుడ్డ కుక్కడం దయచేసి ఆపించండి. పెద్ద బూటుకన్నా మామూలు కాన్వాస్ బూటు నయం. ఇంకొక మాట: పదకొండు, పన్నెండేళ్ల నుంచే ఆటకు ముందు పదిహేను, ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామం అలవాటు చేయండి. ఫిఫా వాళ్ల ‘11+’ పద్ధతి, చిన్నపిల్లలకైతే ‘11+ కిడ్స్’, అందుకే తయారయ్యాయి. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయేమో ఎదురుగా నిలబడి చూడండి. వాలితే అక్కడే సరిచేయాలి. మోకాళ్లను కాపాడే పని ఆ వయసులోనే మొదలవ్వాలి.

పాత_లెక్కలు

పెద్ద సంచి గురించి మలబారు గారు అన్నారు. ఆ సంచి కూడా నిలకడైనది కాదు. 2023-24లో లీగ్ గెలిచింది ఒడిశా ఎఫ్‌సీ. మరుసటి సీజనులోనే కింది శ్రేణికి పడిపోయింది. విజేతకు పన్నెండు నెలల్లో ఈ గతి! అలా పడిపోతే అందులో ఆడే అమ్మాయిల ఒప్పందాలకు భరోసా ఏది? అందుకే ఈ ఆటలో పేరున్న అమ్మాయిలు చాలామంది ఒక కాలు రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, సరిహద్దు దళాల్లోనో ఉంచుకుంటారు. 2020లో స్కాట్లాండ్ క్లబ్బు గ్లాస్గో రేంజర్స్‌కు ఆడిన భారత ఆటగత్తె బాలాదేవి కూడా మణిపూర్ పోలీసు ఉద్యోగే. ఉద్యోగం నెల జీతం ఇస్తుంది, క్లబ్బు సీజను జీతం ఇస్తుంది.

మలబారు_తెలుగు

ఇప్పుడు నా అసలు మాట చెబుతాను. ఖరగ్‌పూర్ తమ్ముడు అడిగిన మణిపూర్ ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

పురుషుల ఫుట్‌బాల్‌లో ఒక కుర్రాడు మొదటి ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంటే, పన్నెండేళ్ల వయసు నుంచి అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు శిక్షణ పరిహారం కింద డబ్బు వస్తుంది. ఫిఫా నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని అదే పుస్తకంలో ఇన్నేళ్లుగా రాసి ఉంది! మహిళల క్లబ్బుల మీద భారం పడకూడదని, అమ్మాయిల రాకపోకలకు అడ్డు ఉండకూడదని చెప్పే కారణం. ఆ కారణంలో కొంత నిజం ఉంది. కానీ ఫలితం చూడండి. ఇంఫాల్ క్లబ్బుకు గోకులం నుంచి ఏమీ పోలేదు. నిజామాబాద్‌లో సౌమ్యకు బంతి ఇచ్చిన మైదానానికి ఎవరి నుంచీ ఏమీ పోలేదు. రేపు అనంతపురం మాస్టారి పిల్ల ఏ క్లబ్బుకు వెళ్లినా ఆ బడికి ఒక జత బూట్లు కూడా రావు.

అమ్మాయి ఎక్కడికి వెళ్లాలన్నది ఆమె ఇష్టం. జీతం పెరగాలి. దాంతో నాకు పేచీ లేదు. తీసుకెళ్లే క్లబ్బు, తయారుచేసిన చోటికి ఎంతో కొంత చెల్లించాలి. ఫిఫా చెప్పేదాకా ఆగక్కర్లేదు, లీగ్ లైసెన్సు షరతుగా మన సమాఖ్యే పెట్టవచ్చు.

ఖరగ్‌పూర్_తెలుగు

ఈ షరతుకు నేను రెండు చేతులూ ఎత్తుతాను. ఒక్క తేడాతో: డబ్బు అమ్మాయి ఒప్పందంలోంచి కోయకూడదు. క్లబ్బు విడిగా చెల్లించాలి. లేకపోతే పరిహారం ఎక్కువ పడే అమ్మాయిని ఎవరూ తీసుకోరు.

మలబారు_తెలుగు

ఒప్పుకున్నాను. అయినా ఫాజిలాను మీరు తీసుకెళ్లడం మాత్రం ఇంకా మింగుడు పడలేదు.

ఇందూరు_వింగర్

మరి అలాంటి నియమం వస్తే, ఈ అమ్మాయి ఫలానా బడిలో, ఫలానా మైదానంలో నేర్చుకుంది అని రుజువు ఎలా?

పాత_లెక్కలు

సమాఖ్యకు సీఆర్ఎస్ అనే ఆన్‌లైన్ నమోదు పద్ధతి ఉంది. ఆటగత్తె పేరు అందులో ఎక్కితే ఏ సీజనులో ఏ క్లబ్బుకు ఆడిందో వరుసగా నిలిచిపోతుంది. పదకొండేళ్లకు ఎక్కిన పేరు పనికొస్తుంది. పందొమ్మిదేళ్లకు పెద్ద క్లబ్బు ఎక్కించిన పేరులో మీ ఊరు ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకం కింద అస్మిత లీగ్‌లు 13 ఏళ్ల లోపు ఆడపిల్లల కోసం జరుగుతున్నాయి. వాటిలోకి ఒక జట్టును పంపడం మొదటి మెట్టు.

అనంత_పీఈటీ

ఇది నాకు పనికొచ్చే మాట. మా పిల్లల్లో చాలామందికి ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, బడి రిజిస్టరులో ఇంకొకటి. వయసు పోటీల్లో అక్కడే ఆపేస్తారు. ముందు పదహారుమంది అమ్మాయిల జనన ధ్రువపత్రాలు సరిచేయించాలి. ఈ వారమే వాళ్ల తల్లిదండ్రులను బడికి పిలుస్తున్నాను. ఇందూరు తమ్ముడూ, మీ జిల్లా సంఘంలో నమోదు ఎవరు చూస్తారో, క్లబ్బు పేరు మీద చేయించాలా, బడి పేరు మీద కుదురుతుందా అడిగి ఇక్కడ రాయగలరా?

ఇందూరు_వింగర్

సోమవారం వెళ్లి అడుగుతాను మాస్టారూ. మా దగ్గర ఒక అకాడమీ ఇప్పటికే పిల్లల పేర్లు ఎక్కిస్తోందని విన్నాను. ఏ కాగితాలు అడిగారో, రుసుము ఎంతో, క్లబ్బు అనుబంధానికి ఏం కావాలో అన్నీ కనుక్కుని ఈ చర్చలోనే పెడతాను.